మా పూలమడులకు తెల్ల కంచె వేశారు, చప్పట్లు కొట్టండి

ఇప్పుడే కిందికి వెళ్లి చూసొచ్చాను. బీపీ బిళ్ల వేసుకుని మరీ టైప్ చేస్తున్నాను. మా అపార్ట్‌మెంట్‌లో పూలమడుల చుట్టూ ఏటవాలుగా పాతిన ఇటుకలు ఉండేవి. పాత రైల్వే స్టేషన్లలో, సర్కారు బడుల్లో ఉంటాయి చూడండి, ఒకదానికి జాజు, ఒకదానికి సున్నం పూసి, అచ్చం అలాంటివే. పొద్దున్నే కమిటీవాళ్లు వాటిని గునపంతో పెళ్లగించి, ఆ చోట జానెడు ఎత్తున్న తెల్ల ప్లాస్టిక్ కంచె గుచ్చించారు. పుట్టినరోజు కేకు చుట్టూ క్రీము పెట్టినట్టుంది. గ్రూపులో ఫొటో పడిందో లేదో చప్పట్ల బొమ్మలే బొమ్మలు. "ఫారిన్ లుక్ వచ్చింది సార్!" అట. ఆ చప్పట్లు కొట్టినవాళ్లలో ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు ఏనాడైనా ఆ మట్టిలో వేలు పెట్టారా?

మాలి తాత పక్కనే నిలబడి చూస్తున్నాడు. "నన్నొక్క మాట అడిగితే చెప్తుంటి గదమ్మా, ఇది వానకు ఆగదని" అన్నాడు. ఆయన్నెవరు అడుగుతారు? రోజూ నీళ్లు పట్టేవాడికి ఏం తెలుస్తుంది! ఆన్‌లైన్‌లో డిస్కౌంట్ చూసి బుక్ చేసినవాళ్లకే కదా తోటపని తెలిసేది.

అసలు మడికి అంచు ఎందుకు కడతారు? వాన దంచినప్పుడు ఎర్రమట్టి కొట్టుకుపోయి డ్రైనేజీలో పడకుండా, లాన్‌లోని గడ్డి పూలమడిలోకి పాకకుండా. ఈ కంచె భూమిలోకి దిగింది మేకుల్లాంటి కాళ్ల మీద. పలకకు, నేలకు మధ్య ఖాళీ. మట్టి అందులోంచి హాయిగా జారిపోతుంది. గరిక సంగతి చెప్పనే అక్కర్లేదు, పైనుంచీ వస్తుంది, కిందనుంచీ వస్తుంది. ఇటుకైతే సగానికి పైగా భూమిలో ఉంటుంది కాబట్టి కాస్తయినా అడ్డం పడుతుంది. (తుంగను మాత్రం ఏ అంచూ ఆపలేదు, దాని గడ్డలు ఎక్కడో లోతున ఉంటాయి. అది వేరే ఏడుపు.) ఇక మన ఎండలకు ఈ చవక ప్లాస్టిక్ రెండు వేసవులు తిరిగేసరికి పెళుసెక్కి పెటపెటా విరుగుతుంది. ఆ ముక్కలన్నీ మట్టిలోనే. ఏరేది ఎవరు? మాలి తాతే.

"ఆంటీ, ఇటుకలు ఓల్డ్ ఫ్యాషన్ అయిపోయాయి" అన్నాడు సెక్రటరీ. మరి ఆ పూలమొక్కలు ఈ ఏడాది మోడల్ కాబోలు! బాగా కాలిన ఇటుకలు రెండు తీసుకుని ఒకదానితో ఒకటి కొడితే ఖంగుమంటాయి. అలాంటివి ఏరి పాతితే ఏళ్ల తరబడి ఉంటాయి. ఒకటి పగిలితే ఆ ఒక్కటి తీసి ఇంకోటి పెట్టుకోవచ్చు. సందుల్లోంచి ఎక్కువైన నీరు బయటికి పోతుంది. సరిగ్గా కాలని పాలిపోయిన ఇటుక తెచ్చి పెట్టి, అది వానకు కరిగిపోతే "ఇటుక పనికిరాదు" అనేవాళ్లకు నేనేం చెప్పను.

ఇటుక నచ్చలేదా, బండ పెట్టండి. తాండూరు ఇక్కడి నుంచి ఎంత దూరం? ఇంటి నేలకు పరిచాక మిగిలిన బండముక్కలు ఏ కొట్టు ముందు చూసినా గుట్టగా పడి ఉంటాయి. నిలువుగా పాతితే ఠీవిగా ఉంటుంది, చెద పట్టదు. పోయినేడు ఎవరో వెదురు పెడదామన్నారు. హైదరాబాద్ చెదపురుగులకు భోజనాలు పెడదామన్నారన్నమాట.

ఇదంతా ప్రెసిడెంటుగారు డాలస్‌లో కొడుకు ఇంటికి వెళ్లొచ్చాక మొదలైంది. అక్కడ అంచులు చూశారట. అక్కడ చాలామంది ఏ సామానూ కొనకుండా పారతో గాడి తీసి వదిలేస్తారు సార్, అది కనబడలేదా? పైసా ఖర్చు లేనిది కంటికి ఆనదేమో.

ఇంకా ఉంది. ఈ ప్లాస్టిక్ తాత్కాలికమేనట, తర్వాత సిమెంటు గోడ కట్టి పైన గ్రానైట్ వేస్తారట. మా మడుల్లో సగం నూరువరహాలే. కొత్త సిమెంటులోంచి సున్నం మట్టిలోకి దిగుతుంది. నూరువరహాలకు పులుపు మట్టి కావాలి, సున్నం తగిలితే ఇనుము అందక ఈనెలు ఆకుపచ్చగా ఉండి మిగతా ఆకంతా పసుపెక్కుతుంది. అసలే మన బోరునీళ్లలో ఉప్పదనం చాలదన్నట్టు. అప్పుడు మళ్లీ గ్రూపులో "మాలి సరిగ్గా చూడట్లేదు" అని మెసేజ్ పెడతారు. నాకిప్పుడే తెలుసు.

సిమెంటు అంటే గుర్తొచ్చింది, గుర్తు రాకుండా ఎలా ఉంటుంది? గేటు పక్కన ఉన్న కానుగ చెట్టు. పార్కింగ్ కోసం ఇంటర్‌లాకింగ్ టైల్స్ వేస్తూ మొదలు దాకా సిమెంటు పోసేశారు, గొంతు బిగించినట్టు. చుట్టూ కాస్త మట్టి వదలండి బాబూ అని ఎంత మొత్తుకున్నాను! జాతీయ హరిత ట్రిబ్యునల్ 2013లోనే ఢిల్లీలో చెట్ల చుట్టూ మీటరు మేర కాంక్రీటు తీసేయమని ఆదేశించింది. ఆ వార్త ప్రింటు తీసి నోటీసు బోర్డుకు అంటించాను. మర్నాటికల్లా దాని మీద దీపావళి తంబోలా పోస్టరు. చెట్టు కొమ్మ కొమ్మా ఎండింది. "కారు మీద పడుతుంది" అని కొట్టించేశారు. నీరు, భూమి, చెట్ల రక్షణకున్న వాల్టా చట్టం కింద అనుమతి తీసుకున్నారా అని అడిగితే "మీరు ప్రతిదానికీ రూల్స్ మాట్లాడతారు ఆంటీ" అని నవ్వులు. ఇప్పుడు మండుటెండలో కార్లు పెట్టుకుని, షెడ్డు వేయడానికి మనిషికింత అని వసూలు చేస్తున్నారు. నేను కట్టను. ముందే చెప్తున్నాను.

ఈ తెల్ల కంచె బిల్లు చూపించండని పొద్దున గ్రూపులో అడిగాను. అందరూ చూశారు, ఒక్కరూ పలకలేదు. పలకరు కూడా, ఆ కానుగ దుంగలు ఎవరికి అమ్మారో, ఆ డబ్బు ఏ లెక్కలో జమైందో ఇప్పటిదాకా చెప్పినవాళ్లు లేరు.