సవరణ: మొదటిసారి వచ్చిన ఫిట్స్ రెండు నిమిషాల్లో ఆగినా ఆసుపత్రికి వెళ్లాల్సిందే

కర్నూలులో పదో తరగతి పిల్లాడికి మొదటిసారి ఫిట్స్ వచ్చిన సంగతి రాస్తూ "ఐదు నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి" అన్నాం. దాటకపోతే ఇంట్లోనే ఉండొచ్చని కొందరు అనుకున్నారు. ఆ లెక్క మూర్ఛ ఉందని ముందే తెలిసినవాళ్లకు. మొదటిసారైతే, వెంటనే ఆగినా సరే, ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. షుగర్ పడిపోయిందా, మెదడులో బద్దెపురుగు తిత్తులున్నాయా (మన దేశంలో ఇదేమీ అరుదు కాదు) అన్నది రక్తపరీక్ష, స్కానింగ్, ఈఈజీ (మెదడులోని విద్యుత్ తరంగాలను చూసే పరీక్ష) చూసి తేలుస్తారు. ఒక్కసారి వచ్చినంత మాత్రాన మూర్ఛ రోగమని ఖాయం చేయరు.

ఫిట్స్ వచ్చినప్పుడు చేతిలో తాళాల గుత్తి పెట్టాలా అనీ కొందరు అడిగారు. చేతిలో ఇనుము పెడితే ఫిట్స్ ఆగదు, చాలాసార్లు దానంతటదే తగ్గుతుంది. గుత్తి వెతికే బదులు పిల్లాణ్ణి పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో చెంచా కుక్కొద్దు, నీళ్లు పోయొద్దు. ఎవరైనా ఫోన్లో వీడియో తీస్తుంటే తిట్టకండి, డాక్టరుకు అది బాగా పనికొస్తుంది.