పిలవగా మృతుడు గైర్హాజరు

మా వీధి చివర ఉండే రిటైర్డ్ హైకోర్టు జడ్జిగారు మొన్నామధ్య ఒక మంగళవారం తెల్లవారుజామున పోయారు. ఏడింటికల్లా టెంట్ హౌస్ వాళ్లు షామియానా వేసేశారు. ఎనిమిదింటికి ఫ్రీజర్ బాక్స్ వచ్చింది. ఎనిమిదిన్నరకు మొదటి తీర్పు వెలువడింది: "మహానుభావుడు! ఇట్లాంటోళ్లు ఇంక పుట్టరు." ఎనిమిదీ ముప్పై రెండుకు వెనక వరస కుర్చీల్లోంచి, గొంతు కాస్త తగ్గించి, రెండో తీర్పు: "పుట్టకపోవుడే మంచిది. నా మల్గీ ముంచింది ఈయనే." (మల్గీ అంటే మా ఊళ్లో దుకాణం గది.) తీర్పరులిద్దరూ ఒకే ఫ్లాస్కులోంచి టీ పోసుకున్నారు.

ఆయన పేరు రాయను. రాస్తే ఒక వర్గం దండ పట్టుకొస్తుంది, ఇంకో వర్గం నోటీసు పట్టుకొస్తుంది. రెండింటికీ నా గుమ్మం సరిపోదు. విషయం గంభీరమైనది కాబట్టి ఈ వ్యాసంలో నేను ఎక్కడా నవ్వను. పాఠకులు కూడా సహకరించగలరు.

జడ్జిగారు హైకోర్టులో ఎక్కువకాలం చూసింది కిరాయి కేసులు. కింద రెంట్ కంట్రోలర్ దగ్గర మొదలై, అప్పీలు దాటి, పదేళ్లకో పదిహేనేళ్లకో మూసీ ఒడ్డున 1920 నుంచి నిలబడి ఉన్న ఆ ఎర్రరాళ్ల భవనానికి చేరే కేసులు. 1960 నాటి అద్దె చట్టం ప్రకారం కిరాయిదారుణ్ని ఖాళీ చేయించాలంటే ఓనరు ఏదో ఒక కారణం చూపించాలి. కిరాయి ఎగ్గొట్టాడనో, ఇంకొకడికి ఇచ్చేశాడనో, మాకే సొంత అవసరం ఉందనో. చివరిదానికే గిరాకీ ఎక్కువ. అమెరికాలో ఉన్న మా అబ్బాయి వచ్చేసి అఫ్జల్‌గంజ్ మల్గీలో స్టీలు సామాన్ల వ్యాపారం పెడతాడని రాసుకొచ్చిన ఒక ఓనరును జడ్జిగారు బెంచి మీద నుంచి ఒకటే అడిగారట: "అబ్బాయికి ఈ సంగతి తెలుసా?"

ఆ ఒక్క ప్రశ్నతో హైదరాబాద్ రెండుగా చీలింది. ఈ ఊళ్లో జనం పార్టీలవారీగా, కులాలవారీగా, ఆఖరికి బిర్యానీ హోటళ్లవారీగా చీలతారని పెద్దలు అంటారు గానీ, అవన్నీ పైపై చీలికలు. ఊరి మధ్యలోంచి పోయే అసలు గీత ఓనర్లకూ కిరాయిదార్లకూ మధ్య ఉంది. ఒకవైపు వాళ్లకు ఆయన దేవుడు. రెండోవైపు వాళ్లకు ఆయన తాళం చెవి మింగిన మనిషి.

ఆ రోజు షామియానా కింద రెండు వైపుల వాళ్లూ ఉన్నారు. నారాయణగూడలో కుట్టుమిషన్ల కొట్టు నడిపే ఆవిడ గులాబీల దండ తెచ్చింది. ఆ కొట్టు ఓనరూ వచ్చాడు, అదే సైజు దండతో. ఇద్దరూ బాక్స్ దగ్గర ఎదురుపడ్డారు. "ముందు మీరు వెయ్యండి" అన్నాడాయన. "అయ్యో, పెద్దవారు, ముందు మీరే" అంది ఆవిడ. ముప్పై ఏళ్లలో వాళ్లిద్దరూ ఒకరి మాట ఒకరు వినడం అదే మొదటిసారి. ఆవిడ దండ వేసి, కళ్లు ఒత్తుకుని పక్కకు తప్పుకుంది. ఆయన మాత్రం అద్దంలోంచి చాలాసేపు అలా చూస్తూ ఉండిపోయాడు. దుఃఖమనుకున్నాను. తర్వాత తెలిసింది, సర్టిఫైడ్ కాపీ చేతిలో పడేదాకా ఏదీ నమ్మని మనిషట.

బాక్స్ తలవైపు జడ్జిగారి పాత జమేదారు నిలబడ్డాడు. కోర్టు హాల్లోకి ఆయనకు ముందు నడిచి దారి చేసిన మనిషి, రిటైరై ఎన్నేళ్లయిందో. ఎవరైనా గట్టిగా మాట్లాడితే అలవాటుగా "ష్ష్" అంటున్నాడు. జడ్జిగారి చెల్లెలు ఏడుపు అందుకున్నప్పుడూ అన్నాడు. ఆవిడ ఆగింది కూడా.

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడుస్తాడు, గెలిచినవాడు ఇంటికొచ్చి ఏడుస్తాడు అని మనవాళ్లు ఏనాడో తేల్చారు. ఆ లెక్కన కేసుకు ఇద్దరు ఏడ్చేవాళ్లు. ఒకడికి శత్రువు కాకుండా రెండోవాడికి మిత్రుడయ్యే వీల్లేని ఉద్యోగం ఇదొక్కటే. తాసీల్దారుకు కూడా ఇద్దరినీ సంతోషపెట్టే మార్గాలు ఉంటాయి. (ఆ మార్గాలేమిటో ఇక్కడ అప్రస్తుతం.) ఇంతకీ షామియానాలో మూడో వర్గం ఒకటుంది, సంఖ్యాబలం దానిదే. వాయిదా పడ్డవాళ్లు. వీళ్లకు జడ్జిగారి మీద ప్రేమా లేదు, కోపమూ లేదు. బాక్స్ చుట్టూ ఒకసారి తిరిగి, దణ్ణం పెట్టి, పక్కనున్న ప్లీడరును అడిగారు: "అయితే మన మేటర్ ఇప్పుడు ఏ బెంచికి పోతుంది సార్?" ఆయన రిటైరై పుష్కరం దాటిందని, ఆ మేటర్ అప్పుడే వేరే బెంచికి పోయిందని, అక్కడి నుంచి ఇంకో బెంచికి పోయిందని ప్లీడరుగారు చెప్పలేదు. ఫీజు తీసుకున్న మనిషి, ఏమని చెబుతాడు?

జడ్జి మరణాన్ని మనం ఇంత పట్టించుకుంటున్నాం గానీ చట్టం పెద్దగా పట్టించుకోలేదు. సివిల్ ప్రొసీజర్ కోడ్, ఆర్డర్ 18, రూల్ 15 చూడండి. విచారణ మధ్యలో జడ్జి మరణం వల్ల గానీ, బదిలీ వల్ల గానీ, మరే కారణం వల్ల గానీ ఆగిపోతే తర్వాత వచ్చినవాళ్లు ఆ సాక్ష్యంతోనే కొనసాగించవచ్చు అంటుంది. మరణం, బదిలీ. మధ్యలో ఒక్క కామా. పరలోకానికైనా, పక్క జిల్లాకైనా ఫైలుకు ఒకటే. అదే కక్షిదారు పోతే మాత్రం 90 రోజుల్లో వారసులను రికార్డు మీదికి తేవాలి, తేకపోతే దావా పోతుంది. అంటే మన దేశంలో కేసు మధ్యలో పోయే వెసులుబాటు జడ్జికి ఉంది, కక్షిదారుకు లేదు.

అసలు చిక్కు ఎక్కడంటే, జడ్జి గురించి నిజం ఎప్పుడు మాట్లాడాలి అన్నది. కుర్చీలో ఉన్నంతకాలం 1971 నాటి కోర్టు ధిక్కార చట్టం ఉంది, నోరు మూసుకుంటాం. పోయాక చచ్చినవాడి కండ్లు చారెడు అంటాం. మరీ నోరు జారితే కొత్త న్యాయ సంహిత 356వ సెక్షన్ ఉంది, కుటుంబసభ్యుల మనసు నొప్పించాలని చనిపోయినవారిని తిట్టినా పరువు నష్టమే. మిగిలిందల్లా రిటైర్మెంట్‌కూ చావుకూ మధ్య కాలం. హైకోర్టులో 62కే దిగిపోతారు కాబట్టి పాతికేళ్ల దాకా దొరకొచ్చు. కానీ ఆ పాతికేళ్లూ ఆయన మార్నింగ్ వాక్‌లో కనిపించే ఒక పెద్దాయన. మాట్లాడి లాభం ఏముందని పక్కకు తప్పుకుని పోతాం. మా ఓనర్ల సంఘం వాళ్లు ఆయనకు పొద్దున్నే గుడ్ మార్నింగ్ చెప్పేవారు, బాక్స్ వచ్చాక నిజాలు మాట్లాడారు.

పదింటికి యువ న్యాయవాదుల జట్టు ఒకటి వచ్చింది. దండ వేశారు, రెండు నిమిషాలు తలలు వంచారు, తర్వాత ఒకాయన ఫోన్ చూస్తూ "కోర్టు సస్పెండ్ చేస్తారా, లంచ్ దాకేనా?" అన్నాడు. ఇది మన దగ్గరే ఉన్న జబ్బు అనుకోకండి. ఉత్తరాఖండ్‌లోని మూడు జిల్లాల్లో న్యాయవాదులు 35 ఏళ్ల పాటు శనివారాలు విధులు బహిష్కరించారని 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తలపట్టుకుంది. వాళ్లు చూపిన కారణాల్లో నేపాల్ భూకంపం ఉంది, పాకిస్తాన్ స్కూల్లో బాంబు పేలుడు ఉంది, న్యాయవాదుల బంధువుల మరణాలు ఉన్నాయి. ఆ లెక్కన మావాళ్లు సొంత ఊరి జడ్జి పోతే పూట సెలవు అడగడం మితంగా ఉన్నట్టే.

ముందు వరసలో ఇద్దరు సీనియర్ ప్లీడర్లు కోకా సుబ్బారావుగారి దగ్గర మొదలెట్టారు. రాజమండ్రి మనిషి, సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తిగా 1967 ఫిబ్రవరిలో గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కుల మీద పార్లమెంటు చెయ్యి పడకూడదని 6–5తో తేల్చి, ఏప్రిల్‌లో కుర్చీ దిగి, ప్రతిపక్షాల తరఫున రాష్ట్రపతి పదవికి పోటీ చేసి ఓడిపోయారు. చేసింది ధైర్యమా తొందరపాటా అన్నది ఈ ప్లీడర్లిద్దరి మధ్య ఇంకా పెండింగ్. అక్కడి నుంచి ఇంకో సుప్రీంకోర్టు జడ్జి, పి.ఎన్. భగవతిగారికి వచ్చారు. 1976 ఏప్రిల్ 28న, ఎమర్జెన్సీలో, ప్రభుత్వం లోపలేసినవాడికి కోర్టు తలుపు తట్టే హక్కు కూడా లేదని 4–1తో చెప్పిన నలుగురిలో ఆయనొకరు. బీదవాడు రాసిన ఉత్తరాన్ని కూడా పిటిషన్‌గా తీసుకునే పద్ధతికి ఆద్యుల్లోనూ ఆయనొకరు. ఆనాటి తీర్పు తప్పేనని 2011లో ఒప్పుకున్నారు, 2017 జూన్ 15న పోయారు. "మరి ఈయనకు ఏమని సంతాపం రాయాలయ్యా?" అన్నాడు పెద్ద ప్లీడరు. "రెండు నెలలు ఆగితే బాగుండేది" అన్నాడు చిన్నాయన. ఆగస్టు 24న తొమ్మిదిమంది ధర్మాసనం ఆ 1976 తీర్పును కొట్టేసింది. కొట్టేస్తూ రాసింది ఆ నలుగురిలోనే ఇంకొకరైన చంద్రచూడ్‌గారి అబ్బాయి.

ఈ మాట దగ్గర, అంతదాకా ఫోన్‌లో ఉన్న జడ్జిగారి కొడుకు తలెత్తాడు. డాలస్ నుంచి అందిన విమానం పట్టుకుని, మరునాటికి గానీ చేరలేకపోయిన పిల్లవాడు. పిల్లవాడంటే యాభై ఉంటాయి. (ప్లీడర్లు మరునాడూ అదే మాట్లాడుకుంటున్నారు, అందుకే విన్నాడు.) "కొడుకు తండ్రి జడ్జిమెంట్‌ను కొట్టెయ్యొచ్చా అంకుల్?" అని అడిగాడు. కొట్టెయ్యొచ్చు, ముందు నువ్వు సుప్రీంకోర్టు జడ్జివి కావాలి అని చెప్పారు. కాస్త నిరాశపడ్డాడు.

అమెరికా సంగతి అతనే చెప్పాడు. అక్కడ సుప్రీంకోర్టు జడ్జికి రిటైర్మెంట్ వయసే లేదు కాబట్టి చావు వార్తలో కన్నీళ్ల కంటే ఖాళీయే పెద్దది. స్కాలియా 2016 ఫిబ్రవరి 13న టెక్సాస్‌లో పోతే, కొన్ని గంటల్లోనే ఆ సీటు కొత్త అధ్యక్షుడు వచ్చేదాకా నింపొద్దని సెనేట్‌లో రిపబ్లికన్ పార్టీ నాయకుడు ప్రకటించాడు. ఏడాది దాటింది నిండేసరికి. గిన్స్‌బర్గ్ 2020 సెప్టెంబర్ 18న పోతే అదే పార్టీ అక్టోబర్ 26కల్లా నింపేసింది. తమాషా ఏమిటంటే, తీర్పుల్లో ఒకరినొకరు చీల్చుకున్న ఆ ఇద్దరూ కలిసి ఒపెరాకు వెళ్లే స్నేహితులు. "మన దగ్గర సీటు గొడవ లేదు, అదృష్టం" అన్నాడు పెద్ద ప్లీడరు. కొడుకు మేడ వైపు చూశాడు. సీటు గొడవ లేదు గానీ ఇంటి గొడవ ఉంది.

మేడ మీద వాటాలో టైపు ఇన్‌స్టిట్యూట్ మాస్టారు ఉంటారు, ఇరవై రెండేళ్లుగా. కిరాయి 3,400. నెలకు 3,500 దాటితే ఆ అద్దె చట్టం వర్తించదు, అందుకని ఆయన పెంచుతాననలేదు, జడ్జిగారు పెంచమనలేదు. ఇంటి ముందు టులెట్ బోర్డు పెడితే ఆ వాటాకు పాతిక వేలకు తగ్గదు. అంతమందిలో నిజంగా, ముక్కు ఎర్రబడేలా ఏడ్చింది మాస్టారొక్కరే. బిల్డరొకాయన తెల్ల చొక్కాతో వచ్చి దండ వేసి, పిట్టగోడ నుంచి పిట్టగోడకు కళ్లతోనే గజాలు కొలుచుకుని వెళ్లడం ఆయన చూశారు. అయిదో రోజున కోర్టులో కేవియట్ వేసి వచ్చారట, తనకు చెప్పకుండా ఎవరికీ ఆర్డర్ ఇవ్వొద్దని. మైల ఉండగా కోర్టుకెళ్లొచ్చా అని మా ఆవిడ సందేహం. మైల ఓనరుకు, కిరాయిదారుకు కాదు అన్నాను.

పదకొండో రోజు భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట కొడుకు చిన్నగా మొదలుపెట్టాడు. తామంతా ఇండియాకు వచ్చేస్తున్నామని, పై వాటా సొంత అవసరానికి కావాలని. మాస్టారు ఏమీ అనలేదు. చేతులు తుడుచుకుని, సంచీలోంచి జిరాక్స్ కాగితాలు తీసి ఇచ్చారు. జడ్జిగారి తీర్పే, అఫ్జల్‌గంజ్ మల్గీది. మాస్టారే ఫెయిర్ కాపీ టైపు చేసి పెట్టుకున్నారు, ఒక్క తప్పు లేదు. ఒక వాక్యం కింద పెన్సిల్ గీత.

కొడుకు అక్కడే పంపు పక్కన నిలబడి చదివాడు. నాన్న రాసింది ఆద్యంతం చదవడం ఇదే మొదటిసారి అనుకుంటాను. చివరి పేజీ దాకా వచ్చి, సంతకం చూసి, మళ్లీ గీత ఉన్న చోటికి వెళ్లాడు. తర్వాత నన్ను పక్కకు పిలిచాడు.

"అంకుల్, దీని మీద అప్పీల్ ఉంటుందా?"

"ఎవరి మీద నాయనా?"

"నాన్న మీద."