ఉచితంగా బిగిస్తారు, ఏటా వసూలు చేస్తారు

ఈ మధ్యాహ్నం మా ఇంట్లో కొత్త స్ప్లిట్ ఏసీ బిగించి వెళ్లారు. బిగించారు అనడానికి నాకు మనసొప్పడం లేదు, గోడకు తగిలించారంటే సరిపోతుంది. రోహిణి కార్తెలో బెజవాడ ఎలా ఉడుకుతుందో మీకు వేరే చెప్పనక్కర్లేదు. ఎప్పుడొస్తారా అని చూడగా చూడగా, కంపెనీ తరఫున ఇద్దరు కుర్రాళ్లు ఒక డ్రిల్లు, ఒక పనిముట్ల సంచి, ఒక కాపర్ పైపు చుట్ట పట్టుకొని వచ్చారు. ఆ సంచిలో పైపుల్లోని గాలిని లాగేసే వాక్యూమ్ పంపు లేదు. "పంపు ఏది నాయనా?" అని అడిగితే, పెద్దవాడు నా వంక కాస్త జాలిగా చూసి, "ఇన్వర్టర్ ఏసీకి అక్కర్లేదండీ, గ్యాసుతోనే గాలి తోలేస్తాం" అన్నాడు. నేను నోరు తెరిచేలోగా సన్న పైపు వాల్వును అలెన్ కీతో కొంచెం తిప్పి, లావు పైపు నట్టును వదులు చేసి, బుస్సుమని కాసేపు వదిలిపెట్టి మళ్లీ బిగించేశాడు. డబ్బు పోసి నేను కొనుక్కున్న గ్యాసు నా బాల్కనీలోనే గాలిలో కలిసిపోయింది. ఈ నిర్వాకానికి వాళ్లు పెట్టుకున్న ముద్దుపేరు ఎయిర్ పర్జింగ్.

స్ప్లిట్ ఏసీ ఫ్యాక్టరీలో పూర్తయి బయటికొచ్చే వస్తువు కాదన్న సంగతి ఏ షోరూములోనూ చెప్పరు. పాత విండో ఏసీ అయితే కంప్రెసరు, కాయిళ్లు, గ్యాసు అన్నీ ఒకే డబ్బాలో సీలై వచ్చేవి కాబట్టి, కిటికీలో కూర్చోబెట్టి ప్లగ్గు పెడితే పని అయిపోయేది. స్ప్లిట్‌లో గ్యాసు మొత్తాన్ని అవుట్‌డోర్ యూనిట్లో బంధించి పంపుతారు. దాన్నీ ఇండోర్ యూనిట్‌నూ కలిపే రాగి పైపులను కొలతకు కోయడం, వాటి చివరలను ఫ్లేరు చేయడం (అంటే గరాటులా విప్పడం), నట్లు తగినంత బలంతో బిగించడం, లోపలి గాలిని లాగేయడం వంటి పనులన్నీ మన ఇంటి గోడ దగ్గరే, మనం మంచినీళ్లు అందిస్తుండగానే జరగాలి. అంటే ఆ యంత్రం తయారీలో చివరి ఘట్టాన్ని, అందులోనూ అన్నిటికంటే నాజూకైన ఘట్టాన్ని, ఎండలో చెమటలు కక్కుతూ తరువాతి ఇంటికి పరుగెత్తాల్సిన కుర్రాడి చేతిలో పెడుతున్నారన్నమాట.

పైపుల్లో గాలి మిగిలిపోతే ఏమవుతుందని అడిగేవాళ్లు ఉంటారు. గ్యాసు అవుట్‌డోర్‌లోని కండెన్సరు అనే కాయిల్‌లో ద్రవంగా మారుతుంది గానీ గాలి మారదు. అది అక్కడే తిష్ఠ వేసి పీడనాన్ని పెంచుతుంది, ఆ పీడనానికి ఎదురొడ్డి కంప్రెసరు ఎక్కువ కరెంటు తాగుతుంది, చల్లదనం మాత్రం తగ్గుతుంది. గాలితో పాటు మిగిలిన తేమ ఇంకా పెద్ద శత్రువు. ఈ కాలపు గ్యాసులతో వాడే కంప్రెసరు నూనె తేమను ఇట్టే పీల్చుకుంటుంది, ఆ తేమ వల్ల ఆమ్లం పుట్టి లోపలి మోటారు చుట్ల మీది పూతను నెమ్మదిగా తినేస్తుంది. అందుకే ఇన్‌స్టలేషన్ పుస్తకాల్లో, వాక్యూమ్ పంపు పెట్టి గేజి ముల్లు మైనస్ 76 సెంటీమీటర్ల పాదరసం దాకా, అంటే దాదాపు పూర్తి శూన్యం దాకా, దిగేలా లాగి, పంపు ఆపాక ముల్లు మళ్లీ పైకి రావడం లేదని నిర్ధారించుకున్న తరువాతే వాల్వులు తెరవాలని రాసి ఉంటుంది. ముల్లు పైకి వస్తోందంటే ఎక్కడో లీకు ఉన్నట్టు. గట్టిగా అరగంట పని. ఆ పుస్తకం మా అట్టపెట్టెలో కూడా వచ్చింది. చిన్నవాడు దాన్ని తెరిచి నేల మీద పరిచి, నట్లు దొర్లిపోకుండా దాని మీద పెట్టుకున్నాడు.

పైపు కోసిన తీరు చూస్తే కడుపు తరుక్కుపోయింది. పైపు కట్టరు తేలేదని హాక్సా బ్లేడుతో కోశారు, అంచున లేచిన రాగి రజను లోపలికి పడిందో బయటికి పడిందో చూడకుండా నోటితో ఊదేసి ఫ్లేరు కొట్టారు. ఆ రజను తిన్నగా సన్నని దారులున్న వాల్వు దగ్గరికే ప్రయాణం కడుతుందని వాళ్లకు ఎవరైనా చెప్పి ఉంటారా? నట్టును ఎంత బలంతో బిగించాలో కొలిచే టార్క్ రెంచి ఊసే లేదు. మోచేతి బలమే కొలత. ఇక డ్రెయిన్ పైపు విషయంలో సగం పాపం మా బిల్డరు మూటగట్టుకున్నాడు. ఏసీ పాయింటు ఇచ్చామని బ్రోషరులో అచ్చేసుకున్న ఆ మహానుభావుడు గోడలో రంధ్రాన్ని బయటికి వాలుగా కాకుండా లోపలికి వాలుగా పెట్టించాడు. నీళ్లు పల్లానికే పారతాయన్నది ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్లి నేర్చుకోవలసిన విషయమా? ఇండోర్ ట్రేలో చెంబెడు నీళ్లు పోసి బయటికి వస్తున్నాయో లేదో చూడమంటే, "రేపటి నుంచి అవే వస్తాయండీ" అని సమాధానం. రేపు అవి వచ్చేది మా మంచం మీదికే.

చివరికి స్టార్టప్ పరీక్ష. రిమోటులో 16 పెట్టారు, చిన్నవాడు ఇండోర్ ముందు అరచెయ్యి పెట్టి కళ్లు మూసుకొని, "కూలింగ్ వచ్చేసింది సార్" అని ప్రకటించాడు. పద్ధతిగా చేసేవాడైతే క్లాంప్ మీటరుతో కరెంటు ఎంత లాగుతోందో చూస్తాడు, లోపలికి వెళ్లే గాలికీ బయటికి వచ్చే గాలికీ మధ్య ఎన్ని డిగ్రీల తేడా ఉందో థర్మామీటరుతో కొలుస్తాడు, జాయింట్ల మీద సబ్బు నురగ పూసి బుడగలు వస్తున్నాయేమో చూస్తాడు, ఎర్తింగు సరిగా ఉందో లేదో చూస్తాడు. ఇక్కడ ఇన్ని మీటర్లకూ ఒక అరచెయ్యే సరిపోయింది. గాలి కలిసిన ఏసీ కూడా మొదటి రోజు చల్లగానే ఉంటుంది, అసలు మోసమంతా అందులోనే ఉంది.

మొదటి వేసవి గడుస్తుంది. రెండో ఏడాది మార్చిలో సర్వీసుకు వచ్చినవాడు గేజి తగిలించి, తల అడ్డంగా ఊపి, "గ్యాస్ అయిపోయిందండీ, ఫిల్లింగ్ చేయాలి" అంటాడు. ఈ మాట వినని ఇల్లు మన రాష్ట్రాల్లో ఉందా? ఏసీ గ్యాసు వంటింటి సిలిండరులా వాడేకొద్దీ అయిపోయేది కాదు. మూసిన దారిలో అదే గ్యాసు తిరుగుతూ ఉంటుంది. తగ్గిందంటే ఎక్కడో కారిందనే అర్థం, కారింది చాలాసార్లు ఆ మోచేతి బిగింపు నట్ల దగ్గరే. కారిన చోటు వెతకకుండా మళ్లీ నింపి, మూడు వేలో నాలుగు వేలో తీసుకొని, వచ్చే ఏడాదికి మళ్లీ రావడానికి తొవ్వ వేసుకొని వెళతారు. అడిగితే "గ్యాసుకు వారంటీ లేదు" అంటారు. తాము తప్పుగా బిగించిన జాయింటు నుంచి కారినదానికి కూడా వారంటీ లేదట!

ఇంతకీ ఇది ఉచిత ఇన్‌స్టలేషన్. ఉచితం అంటే గోడ వరకు వచ్చే ప్రయాణం ఉచితమని నాకు ఇప్పుడు అర్థమైంది. స్టాండుకు వేరు, మూడు మీటర్లు దాటిన పైపుకు మీటరు లెక్కన వేరు, వైరుకు వేరు, డ్రెయిన్ పైపుకు వేరు, గోడకు రంధ్రం కొట్టే కోర్ కటింగుకు వేరు. 2025 సెప్టెంబరు 22 నుంచి ఏసీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గిందని సంబరపడినవాళ్లలో నేనూ ఉన్నాను. ఆ తగ్గిన పది శాతాన్ని ఈ చిల్లర పద్దుల చీటీ శ్రద్ధగా రాబట్టుకుంది. నాకు కుర్రాళ్ల మీద కోపం లేదు. నడుముకు బెల్టు కూడా లేకుండా నాలుగో అంతస్తు సన్‌షేడ్ మీద నిలబడి, అంత బరువున్న అవుట్‌డోర్‌ను స్టాండు మీదికి ఎక్కిస్తుంటే నేనే కళ్లు మూసుకున్నాను. ఇంటికింత అని ఇచ్చే కూలి మీద బతికేవాడు ఒక్కో ఇంట్లో అరగంట పంపు నడిపితే సాయంత్రానికి ఒక ఇంటి కూలి పోగొట్టుకుంటాడు. పంపు కొనివ్వవలసింది, ఆ అరగంటకు డబ్బు కట్టవలసింది, బెల్టు ఇవ్వవలసింది కంపెనీ. ఆ కంపెనీ ఐపీఎల్ ప్రకటనలకు మాత్రం ఎప్పుడూ కరువు రానివ్వదు.

ప్రభుత్వం వారి శ్రద్ధ అంతా నా రిమోటు మీద ఉంది. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఏసీలన్నీ ఆన్ చేయగానే 24 డిగ్రీల దగ్గర మొదలు కావాలన్నారు, మంచిదే. 2025 జూన్‌లో కేంద్ర మంత్రిగారు 20కి తగ్గకుండా, 28కి మించకుండా కట్టడి చేస్తామన్నారు. నేను ఎన్ని డిగ్రీల్లో నిద్రపోవాలో ఆలోచించేంత తీరిక ఉన్నవారికి, నా ఏసీ పైపుల్లో గాలి ఉందో లేదో ఎవరైనా చూశారా అని అడిగే తీరిక లేకపోయింది. ప్రయోగశాలలో పద్ధతిగా బిగించి కొలిచిన సామర్థ్యానికి అయిదు నక్షత్రాలు అంటించారు, మా గోడ మీదికి వచ్చేసరికి అందులో ఎన్ని మిగిలాయో చెప్పే స్టిక్కరు మాత్రం లేదు. 2019 మార్చిలో విడుదలైన జాతీయ కూలింగ్ కార్యాచరణ ప్రణాళికలో 2022-23 నాటికి లక్ష మంది సర్వీసు టెక్నీషియన్లకు శిక్షణ, సర్టిఫికెట్లు ఇస్తామని రాసుకున్నారు. ఆ లక్షలో ఒక్కరైనా మా వీధికి దారి తప్పి రాకపోవడం మా దురదృష్టం. పైగా బాల్కనీలో బుస్సుమన్న ఆ ఆర్32 గ్యాసుకు భూమిని వేడెక్కించే శక్తి కార్బన్ డయాక్సైడ్ కంటే 675 రెట్లు ఎక్కువ, నిప్పు తగిలితే కొద్దిగా మండే గుణం కూడా ఉంది. ఇలాంటి గ్యాసులను తగ్గించుకుంటామని 2016లో రువాండా రాజధాని కిగాలీలో దేశాల మధ్య ఒప్పందం కుదిరితే, 2021లో మన దేశం కూడా ఆమోదముద్ర వేసింది. పక్క ఫ్లాటు వాళ్ల వంటింటి కిటికీ పక్కనే గ్యాసు వదిలిన మా కుర్రాడికి ఆ కబురు ఇంకా చేరలేదు.

ఇది రాస్తుంటే ఆదిలాబాద్‌లో మా అక్కవాళ్లకు జరిగింది గుర్తొచ్చి ఒళ్లు మండుతోంది. అక్కడి చలి సంగతి తెలిసినవాళ్లకు తెలుసు. వేసవికీ చలికాలానికీ ఒకటే పనికొస్తుందని బావగారు ముచ్చటపడి, మామూలు దాని కంటే ఎక్కువ డబ్బు పెట్టి హాట్ అండ్ కోల్డ్ ఏసీ కొన్నారు. అందులో ఫోర్‌వే వాల్వు అని ఒకటి ఉంటుంది. అది గ్యాసు నడిచే దిశను తిప్పేస్తే, బయట పారబోయవలసిన వేడి గదిలోకి వస్తుంది. ఏప్రిల్‌లో బిగించినవాడు చల్లగాలి మాత్రం చూపించి, వేడి మోడ్ జోలికే పోకుండా సంతకం పెట్టించుకున్నాడు. డిసెంబరు చలిలో ఆన్ చేస్తే వేడిగాలి మాట దేవుడెరుగు, ఇండోర్ ఫ్యానే తిరగలేదు. కంపెనీ మనిషి వచ్చి బోర్డు పోయిందని, మార్చాలని అంచనా రాసిచ్చాడు. "ఇక్కడ చలికి ఏసీ ఎవరు వేస్తారమ్మా, హీటరు కొనుక్కోండి" అని సలహా కూడా పారేశాడు. చివరికి బస్టాండు దగ్గర షాపున్న పాత మెకానిక్ అవుట్‌డోర్ మూత విప్పి చూస్తే, టెర్మినల్ బ్లాకులో రెండు స్క్రూలు ఖాళీగా మెరుస్తున్నాయి. వాల్వుకూ బయటి ఫ్యానుకూ వేరువేరు తీగలు వెళ్లవలసిన మోడల్‌కు, తన దగ్గర మిగిలిన మామూలు ఏసీ కేబులు వేసి చేతులు దులుపుకున్నాడు ఏప్రిల్‌లో బిగించిన ఆ ప్రబుద్ధుడు. తీగ లేక వాల్వు తిరగలేదు, లోపలి కాయిల్ వేడెక్కలేదు, అది వేడెక్కితే గానీ వేడి మోడ్‌లో ఇండోర్ ఫ్యాను తిరగదు. మరి బయటి ఫ్యాను ఎలా తిరుగుతోందంటే, దాన్ని కంప్రెసరు తీగకే కలిపేశాడట! ఆ తెలివిలో సగం పుస్తకం చదవడానికి వాడి ఉంటే మా అక్క ఆ చలికాలమంతా రెండు రగ్గులు కప్పుకోవలసిన అవసరం ఉండేది కాదు.

ఇప్పుడే కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాను. ఆ అమ్మాయి పాపం చాలా మర్యాదగా, "మీ ఇన్‌స్టలేషన్ విజయవంతంగా పూర్తయినట్టు మా సిస్టమ్‌లో ఉంది సార్" అంది. వాక్యూమ్ చేయలేదమ్మా అంటే, ఎవరినో కనుక్కొని వచ్చి, "అది కావాలంటే పెయిడ్ సర్వీసు కింద బుక్ చేయమంటారా సార్?" అని అడిగింది. ఉన్న గ్యాసును రికవరీ చేసి, ఫ్లేర్లు కొత్తగా కొట్టి, పంపు పెట్టి లాగి, అవుట్‌డోర్ ప్లేటు మీద రాసిన గ్రాముల ప్రకారం తూకం వేసి నింపాలని, అదంతా మీ ఖర్చుతోనే జరగాలని ఈమెయిల్ పెట్టాను. వాళ్లు చేస్తారన్న ఆశ నాకు లేదు. బెజవాడలో వాక్యూమ్ పంపు, తూకం మిషను తెచ్చుకొని వచ్చే మెకానిక్ ఎవరైనా మీ ఎరుకలో ఉంటే చెప్పండి, డబ్బు నేనే ఇచ్చుకుంటాను.