ఎర్ర బటన్ ఎక్కడుంది సామీ?

కావలిలో మా మామకు చూపు పోయి రెండేళ్లు. కంప్యూటర్ నేర్చుకుంటానంటే ఎన్‌వీడీఏ వేసిచ్చాను, తెర మీదున్నది పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్. ఉచితం, బాగానే చదువుతుంది. దాంతో పేచీ లేదు. పేచీ అంతా ఎవరో పంపిన 'కొత్తవాళ్ల గైడ్'తోనే.

మొదటి పేజీలోనే "కింది బొమ్మలో చూపినట్టు" అంట! ఎవరికి చూపుతున్నారు నాయనా? తర్వాత "ఎర్ర బటన్ నొక్కండి". మామ నవ్వాడు. "ఏంది అబ్బయా, రంగులు కనపడతా ఉంటే నాకీ గైడెందుకు?" నాకు మాత్రం నవ్వు రాలేదు.

కంట్రోల్ నొక్కితే వాగుడు ఆగుతుంది. ఇన్సర్ట్ పట్టుకుని 1 నొక్కితే, ఆపైన ఏ కీ ముట్టుకున్నా పేరు చెబుతుంది. మళ్లీ అదే నొక్కితే మామూలే. భయం పోయేది దీంతోనే కదా? అది 34వ పేజీలో! ముందంతా సెట్టింగులే. ట్రంకు రోడ్డు దాటలేనివాడికి హైవే మ్యాప్ ఇచ్చినట్టుంది.

వెబ్ పేజీలో ఒక శీర్షిక నుంచి ఇంకో శీర్షికకు దూకాలంటే హెచ్ కొట్టమన్నారు. మామ కొట్టాడు. సెర్చ్ పెట్టె నిండా హెచ్‌లు! ముందు ఎస్కేప్ కొట్టి టైపింగ్ నుంచి బయటికి రావాలని ఒక్క ముక్క రాస్తే ఏం పోయింది?

రాసినాయన ఒక్కసారి మానిటర్ ఆపేసి చూసుకున్నాడా అసలు? రాత్రి పదకొండైంది, నేనిక్కడ పాఠాలన్నీ నా గొంతుతో రికార్డు చేస్తా కూర్చున్నా.