తొంభై ఒకటో రోజు ప్రేమ

ప్రేమ ఎప్పుడు పుట్టాలో తేదీ వేసి చెప్పే ధైర్యం మన కవుల్లో ఒక్కరికీ లేకపోయింది. అమెరికా విదేశాంగ శాఖకు ఉంది. 2017లో ఆ శాఖ తన అధికారులకు ఒక నియమం రాసి ఇచ్చింది. టూరిస్టు వీసా మీద దిగిన మనిషి 90 రోజుల్లోపు అక్కడి పౌరుణ్ని పెళ్లి చేసుకుని కాపురం పెడితే, వీసా అడిగిన రోజే అబద్ధమాడినట్టు లెక్క. కాదని మనమే చెప్పుకోవాలి. 91వ రోజు తెల్లవారాక పుట్టిన ప్రేమ మీద ఆ నింద దానంతటదే పడదు. నల్లగొండ జిల్లా తల్లిదండ్రుల తరఫున ఈ క్రమశిక్షణను నేను మనస్ఫూర్తిగా స్వాగతిస్తున్నాను. ఇక్కడ ప్రేమకు ఇలాంటి గడువు ఏదీ లేకనే ఇంటర్ సప్లిమెంటరీలు ఇంతమంది రాస్తున్నారు.

మా రామగిరి వైపు ఒక ఇంట్లో పెద్దమ్మాయి డాలస్‌లో ఉంటుంది. ఆమె కాన్పుకు తల్లి వెళ్లాలి, తోడుగా చెల్లెలు. చెల్లెలికి ఇరవై ఆరేళ్లు, బీటెక్ అయింది, పెళ్లి కాలేదు. అమెరికా చట్టంలో 214(బి) అనే సెక్షన్ ఉంది. దాని ప్రకారం టూరిస్టు వీసా అడిగే ప్రతి మనిషీ అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో వస్తున్నట్టే. ఆ ఉద్దేశం లేదని నిరూపించుకోవాల్సింది అడిగినవాళ్లే. పెళ్లీడు పిల్ల ఉన్న ఇంట్లో ఏ ఉద్దేశమూ లేదని నిరూపించడమంటే మాటలా? ఆ ఇంట్లో చీర కొన్నా, ఫొటో దిగినా, చుట్టాలింటికి చావుకు పోయినా ఏదో ఒక ఉద్దేశం ఉంటుంది.

తండ్రి పెద్ద ఫైలే తయారు చేశాడు. బత్తాయి తోట పట్టాదారు పాస్‌బుక్, ఇంటి కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఆస్తి విలువ మీద సీఏ సంతకం. ఇంత ఆస్తి వదిలేసి పిల్ల అక్కడెందుకు ఉంటుంది సార్ అన్నది వాదన. ఆ తోటలో బోరు ఎండిపోయి రెండు వేసవులైంది. ఫైల్లో మాత్రం చెట్లు విరగకాస్తున్నాయి. నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్ కౌంటరులో ఆ ఫైలు తెరవమన్నవాళ్లే లేరు. మూడు ప్రశ్నలు వేశారు, వీసా వచ్చింది. దానికి ముందు చిలుకూరు బాలాజీ దగ్గర 11 ప్రదక్షిణలు అయ్యాయి. కోరిక తీరితే 108 చేయాలి. ఈ 108 సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు పని ఉంది.

డాలస్‌లో బావ స్నేహితుడొకడు, అమెరికా పౌరుడు, ఉయ్యాల ఫంక్షన్‌కు వచ్చాడు. మిగతాది మీకు చెప్పాల్సిన పని లేదు. కోర్టులో పెళ్లి చేసుకుని, లాయరు దగ్గరికి వెళ్తే ఆయన వేసిన మొదటి ప్రశ్న: ఈ ఆలోచన దిగాక వచ్చిందా, దిగక ముందే ఉందా? దిగాకే అన్నారు. అదే సమయానికి నల్లగొండలో పెద్దమ్మ ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఇలా పెట్టింది: "సంక్రాంతికే జాతకాలు చూపించిన, అప్పుడే చెప్పిన గట్టి సంబంధమని." ఆ మెసేజ్ మూడు నిమిషాలు కూడా నిలవలేదు. పెద్దమ్మకు ఎందుకు తీసేయమన్నారో ఇప్పటికీ అర్థం కాలేదు. మంచిమాటే కదా అంటుంది.

ఇక్కడ కాసేపు నవ్వు ఆపి చెప్పాల్సిన సంగతి ఉంది. టూరిస్టు వీసా మీద సక్రమంగా అడుగుపెట్టి, నిజంగానే తర్వాత మనసు మారి, పౌరుణ్ని పెళ్లాడితే అక్కడే ఉండి దరఖాస్తు పెట్టుకోవచ్చు. భార్య కోసం పౌరుడు పెట్టే ఐ-130, గ్రీన్‌కార్డు కోసం ఆమె పెట్టే ఐ-485 రెండు ఫారాలూ కలిపి ఇవ్వొచ్చు. ఈలోగా వీసా గడువు దాటినా పౌరుడి భార్యకు చట్టం దాన్ని పట్టించుకోదు. గ్రీన్‌కార్డు మాత్రమే ఉన్నవాడి భార్యకు ఈ వెసులుబాటు లేదు. అసలు ఆ 90 రోజుల నియమం విదేశాంగ శాఖది, దరఖాస్తు చూసే ఇమ్మిగ్రేషన్ శాఖ దానికి కట్టుబడి ఉండాల్సిన పని లేదు. కానీ సంక్రాంతికే సంబంధం ఖాయం చేసుకుని, విమానాశ్రయంలో ఆఫీసరుతో "అక్క బిడ్డను చూసిపోదామని" అంటే అది అబద్ధం. ఆ అబద్ధానికి జీవితకాలం నిషేధం పడొచ్చు. సంబంధం ముందే కుదిరితే దానికి కాబోయే భార్య వీసా ఉంది, లేదా నల్లగొండలో పెళ్లి చేసుకుని ఇక్కడి నుంచే దరఖాస్తు పెట్టుకునే దారి ఉంది. ఆ దారి పొడవు. అందుకే మనవాళ్లు కాన్పు దారి పట్టేది.

ఈ దారి చూసి కడుపు మండినవాళ్లు అదే వీధిలో ఉన్నారు. ఉద్యోగం మీద ఇచ్చే గ్రీన్‌కార్డులు ప్రపంచం మొత్తానికి ఏడాదికి 1,40,000 చిల్లర, ఒక దేశానికి 7 శాతం మించకూడదని పరిమితి. పౌరుల భార్యాభర్తలకు అలాంటి పరిమితే లేదు. ఎదురింటి అబ్బాయి ఎమ్మెస్‌కు పోయి, హెచ్-1బి తెచ్చుకుని, పన్నులు కట్టి, నెత్తి బట్టతలయ్యేదాకా ఆ లైన్లోనే ఉన్నాడు. వాళ్లమ్మ గేటు దగ్గర నిలబడి అన్న మాట: "మావోడు పదిహేనేండ్ల సంది లైన్ల నిలబడ్డడు. కాన్పుకు పోయిన పిల్లకు కార్డొచ్చె. వాణ్ణి గూడ కాన్పుకే పంపితే అయిపోవు గదనే." అమెరికా వలస విధానం మీద ఇంతకన్నా సూటి విమర్శ నేను వినలేదు.

ఇక ఐ-864 అనే కాగితం. మా జిల్లా మామలందరూ దీన్ని ఫ్రేము కట్టించుకోవాలి. అబ్బాయి ఆదాయం అక్కడి పేదరిక రేఖకు 125 శాతమైనా ఉండాలి, ఆ స్థాయి కంటే కిందికి పడకుండా అమ్మాయిని పోషిస్తానని సంతకం పెట్టాలి. ఆమెకు పౌరసత్వం వచ్చేదాకానో, పదేళ్ల పనికి సమానమైన 40 త్రైమాసికాల లెక్క నిండేదాకానో ఆ బాధ్యత పోదు. విడాకులైనా పోదు. ప్లాటు రాసిచ్చి, బంగారం పెట్టి, కారు కొనిచ్చి, అల్లుడి చేత కనీసం సరిగా పలకరింపైనా రాబట్టలేని మామలున్న నేల ఇది. ఒక్క రూపాయి పెట్టని అమెరికా ప్రభుత్వం మాత్రం పెళ్లికూతురి తరఫు పెద్దమనిషిలా కూర్చుని సంతకం పెట్టించుకుంది.

తర్వాత ఇంటర్వ్యూ. మామూలుగా ఇద్దరినీ కలిపే కూర్చోబెడతారు. అనుమానం వస్తే విడదీసి అవే ప్రశ్నలు అడుగుతారు. దీనికి స్టోక్స్ ఇంటర్వ్యూ అని పేరు, న్యూయార్క్‌లో నడిచిన ఒక కేసు మీద వచ్చింది. ఎవరు ఏ పక్క పడుకుంటారు, ఎవరి బ్రష్ ఏ రంగు లాంటి ప్రశ్నలు. జవాబులు కలవాలి. ఈ కొలబద్ద మన దగ్గర ఎలా పనిచేస్తుందో చూద్దామని, క్లాక్ టవర్ దగ్గర పొద్దున చాయ్ తాగే ఒక పెద్దాయన్ను పట్టుకున్నాను. ముప్పై ఐదేళ్ల కాపురం.

"మీ ఇంటావిడ పుట్టినరోజు ఎప్పుడండీ?"

"ఏది, మెమోల ఉన్నదా, అసలుదా?"

"అసలుది."

"ఎండకాలం."

"ఆమె ఏం మందులు వేసుకుంటారు?"

"పొద్దుగాల తెల్లది, రాత్రికి గులాబిది." అవి తన మందులని తర్వాత తేలింది.

"ఎవరు ఏ పక్క పడుకుంటారు?"

"నేను డాబా మీద పంటను సార్."

ఆమెను అడిగితే ఈయన చెప్పు సైజు, షుగరు లెక్క, తనకు తెలియకుండా తమ్ముడికి ఇచ్చిన అప్పు, దాని మీద రాని వడ్డీ అన్నీ చెప్పింది. కానీ జవాబులు కలవలేదు. కాబట్టి అమెరికా లెక్కన ఇది దొంగపెళ్లి. 1986 చట్టం ప్రకారం ఐదేళ్ల వరకు జైలు, రెండున్నర లక్షల డాలర్ల వరకు జరిమానా. ముగ్గురు పిల్లలూ ఇద్దరు మనవలూ ఉన్నారన్నది వాళ్ల వాదన.

అయినా ఒక్క విషయంలో ఆ డాలస్ ఆఫీసరు మన పెద్దలను మించాడు. ఇతన్నే ఎందుకు చేసుకున్నావని అమ్మాయినే అడిగాడట. మా వైపు పెళ్లిచూపుల్లో ఈ ప్రశ్న పడగా నేను చూడలేదు. వంట వచ్చా, జీతమెంత, అక్కడికే టిఫిన్లు అయిపోతాయి.

పెళ్లి అమెరికాకు సరిపోయింది గానీ నల్లగొండకు సరిపోలేదు. భోజనాలు పెట్టకుండా జరిగింది పెళ్లెట్లవుతుందని చుట్టాలు నిలదీశారు. పిల్లను రమ్మంటే, దరఖాస్తు తేలకముందు అడ్వాన్స్ పెరోల్ అనే అనుమతి లేకుండా దేశం దాటితే దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. ఆ అనుమతి ఇంకా రాలేదు, ఫంక్షన్ హాలుకు అడ్వాన్సు ఇచ్చేశారు. దాంతో స్టేజీ మీద రెండు సింహాసనాలు తీసేసి ఎల్ఈడీ తెర పెట్టారు. ఇక్కడ రాత్రి ఎనిమిది, డాలస్‌లో పొద్దున. జనం వరసగా వచ్చి తెర మీద అక్షింతలు వేస్తుంటే, ఆపరేటరు "సార్, బియ్యం లోపలికి పోతయ్ సార్" అని మొత్తుకుంటున్నాడు. మధ్యలో నెట్ ఆగి పెళ్లికొడుకు నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. ఆ ఫోజు పక్కనే నిలబడి నలభై మంది ఫొటోలు దిగారు. చదివింపుల బల్ల దగ్గర మాత్రం ఏ సాంకేతిక లోపమూ రాలేదు. బగార అన్నం, మటన్ బాగున్నాయి. పెళ్లి నిజమేనని ఆ పూటతో జిల్లా ఒప్పుకుంది.

108 ప్రదక్షిణల సంగతి తేలలేదు. పిల్ల వస్తే దరఖాస్తు పోతుంది, రాకపోతే మొక్కు బాకీ. చివరికి తండ్రే మోకాలికి బెల్టు కట్టుకుని కూతురి పద్దులో తిరిగి వచ్చాడు.

కార్డు వచ్చింది, కానీ రెండేళ్లకే. పెళ్లయి రెండేళ్లు నిండకముందే ఇచ్చే కార్డు షరతుల కార్డు. గడువుకు ముందు 90 రోజుల్లో ఆ షరతు తీసేయమని ఐ-751 అనే ఫారం పెట్టి, ఇంకా కలిసే ఉన్నామని మళ్లీ రుజువులు ఇవ్వాలి. జాయింట్ అకౌంటు, ఇంటి అద్దె కాగితం, కరెంటు బిల్లు. పిల్లలుంటే వాళ్ల బర్త్ సర్టిఫికెట్ కూడా రుజువే. ఈ చివరి ముక్క మేనత్త చెవిన పడింది. ఆమె వెంటనే డాలస్‌కు ఫోన్ చేసింది.

"నేనడిగితే కోపమొస్తది నీకు. ఇప్పుడు సర్కారోళ్లు గూడ అడుగుతున్నరట. ఇంక నీ ఇష్టం బిడ్డా."