ఆరు నెలల్లో స్పీచ్ థెరపిస్టు కాలేరు

"ఇంటర్ ఏ గ్రూపైనా చాలు. ఆరు నెలల ఆన్‌లైన్ కోర్సు. ఇంట్లోనే స్పీచ్ థెరపీ సెంటర్ పెట్టుకోండి. లైసెన్స్ అక్కర్లేదు. డీఎస్సీ స్పెషల్ పోస్టులకు అర్హత, అమెరికా స్కూళ్లలో ఉద్యోగం. పిల్లలకు మాటలు నేర్పడమే కదా, ఓపిక ఉంటే చాలు, టెస్టులు అవసరం లేదు. పదిమందికీ పంపండి."

చుట్టాల గ్రూపుల్లో, అపార్ట్‌మెంట్ గ్రూపుల్లో, చివరికి టీచర్ల గ్రూపుల్లో కూడా ఈ మెసేజే తిరుగుతోంది. దయచేసి ఇక ఆపండి.

ముందు గ్రూపు సంగతి. స్పీచ్ థెరపిస్టు కావడానికి చదవాల్సిన డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీ. దానికి ఇంటర్‌లో సైన్స్ ఉండాలి. బైపీసీయే కానక్కర్లేదు, ఎంపీసీ వాళ్లూ చేరొచ్చు. సీఈసీ, హెచ్‌ఈసీ వాళ్లు చేరలేరు. కాలం సంగతీ అంతే తేలిక: మూడేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్, మొత్తం నాలుగేళ్లు. స్పెషల్ టీచర్ కావాలంటే ఇంటర్ తర్వాత రెండేళ్ల డీఎడ్ స్పెషల్, లేదా డిగ్రీ తర్వాత రెండేళ్ల బీఎడ్ స్పెషల్.

లైసెన్స్ అక్కర్లేదన్నది పచ్చి అబద్ధం. 1992 ఆర్‌సీఐ (రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా) చట్టం 13వ సెక్షన్ ప్రకారం, ఆ కౌన్సిల్ రిజిస్టర్‌లో పేరు లేకుండా ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, వెయ్యి రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. వెయ్యి రూపాయలే కదా అనుకునేవాళ్లు జైలు మాట కూడా చదవాలి.

అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఆ చివరి మాట: ఓపిక ఉంటే చాలు, టెస్టులు అవసరం లేదు.

రెండున్నరేళ్ల పిల్లాడికి మాట రాలేదు. వినికిడి లోపం కావచ్చు, మధ్య చెవిలో నీరు చేరి ఉండొచ్చు, ఆటిజం కావచ్చు, మేధో వైకల్యం కావచ్చు, భాష ఒక్కటే ఆలస్యం కావచ్చు. ఏది అన్నదాన్ని బట్టి చేయాల్సిన పనే మారిపోతుంది. అందుకే మొదటి మెట్టు ఫ్లాష్ కార్డులు కాదు, చెవి పరీక్ష. "చప్పట్లు కొడితే తిరిగాడండీ, బాగానే వినిపిస్తోంది" అంటారు. హై ఫ్రీక్వెన్సీ (సన్నని, కీచు శబ్దాల) వినికిడి పోయిన పిల్లాడు తలుపు చప్పుడుకీ తిరుగుతాడు, అమ్మ పిలుపుకీ తిరుగుతాడు. 'స', 'శ' లాంటి ధ్వనులు మాత్రం అతనికి అందవు. అందని ధ్వనిని ఎలా పలుకుతాడు? టింపనోమెట్రీ (మధ్య చెవి పరీక్ష), ఓఏఈ (లోపలి చెవి స్పందన పరీక్ష), అవసరమైతే బెరా (శబ్దం నరం ద్వారా మెదడుకు అందుతోందా అని చూసే పరీక్ష) చేయించాలి. ఓఏఈ ఒక్కటి పాసైందని ఊరుకోకూడదు: ఆడిటరీ న్యూరోపతి (చెవి పట్టిన శబ్దాన్ని నరం మెదడుకు సరిగా చేర్చలేని లోపం) ఉన్న పిల్లల్లో ఓఏఈ బాగానే వస్తుంది, బెరాలో తేడా బయటపడుతుంది. పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు హియరింగ్ ఎయిడ్ లాంటి సాయం మొదలవ్వాలని ఈ రంగంలో లెక్క. అలాంటిచోట ఒక ఏడాది "యాపిల్ అను, బాల్ అను" అంటూ కూర్చోబెడితే, పోయిన ఆ ఏడాదిని ఎవరు తెచ్చిస్తారు?

ఇంకొకటి. సెరిబ్రల్ పాల్సీ (మెదడు దెబ్బతిని కండరాల మీద పట్టు తప్పడం) ఉన్న పిల్లలకు మింగడం నేర్పడం కూడా స్పీచ్ థెరపిస్టు పనే. తల వెనక్కి వాల్చి గంజి పోస్తే అది ఊపిరితిత్తుల్లోకి దిగొచ్చు. ఒక్కోసారి దగ్గు కూడా రాదు, తరచూ జ్వరం, న్యుమోనియా వస్తుంటే గానీ తెలియదు. ఏ భంగిమలో కూర్చోబెట్టాలి, ఎంత చిక్కగా, చెంచాకి ఎంత అన్నది బిడ్డను బట్టి మారుతుంది. వీడియో చూసి ఇది ఎవరికీ రాదు. ఇక ఈ కోర్సుల్లో గంటలకొద్దీ చూపించే నాలుక మసాజ్, విజిల్ ఊదించడం: వాటితో ఉచ్చారణ బాగుపడుతుందనడానికి సరైన ఆధారాలు లేవు.

డీఎస్సీ అంటున్నారు. తెలంగాణ 2024 నోటిఫికేషన్‌లోని 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌వి 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ. వాటికి ఆర్‌సీఐ గుర్తింపు ఉన్న స్పెషల్ డీఎడ్, బీఎడ్ అడుగుతారు, ఆన్‌లైన్ సర్టిఫికెట్ కాదు.

అమెరికాలో స్పీచ్ థెరపిస్టుకు మాస్టర్స్ ఉండాలి. అక్కడి స్పీచ్ థెరపిస్టుల సంఘం 'ఆషా' ఇచ్చే సర్టిఫికెట్‌కి 400 క్లినికల్ గంటలు, ప్రాక్సిస్ అనే పరీక్ష, ఆపైన కనీసం 36 వారాల ఫెలోషిప్. మెసేజ్ రాసినవాళ్లు బహుశా 40 గంటల ఆర్‌బీటీ (రిజిస్టర్డ్ బిహేవియర్ టెక్నీషియన్) ట్రైనింగ్‌తో కలిపేశారు. ఆర్‌బీటీ థెరపిస్టు కాదు, పైవాళ్ల పర్యవేక్షణలో పనిచేసే టెక్నీషియన్. పైగా 2023 నుంచి ఆ సర్టిఫికెట్‌కి ఇండియాలో ఉన్నవాళ్ల దరఖాస్తు తీసుకోవడం లేదు.

ఒక్క విషయం మాత్రం నిజం: ఈ పని చేసే మనుషుల కొరత తీవ్రంగా ఉంది. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు ప్రైమరీలో పదిమందికి ఒకరు, పై తరగతుల్లో పదిహేనుమందికి ఒకరు టీచర్ ఉండాలని సుప్రీంకోర్టు 2021లో చెప్పింది. మండలాల్లో ఈ పిల్లల కోసం ప్రభుత్వం నడిపే భవిత కేంద్రాలకు వెళ్లి చూస్తే ఆ లెక్కకి ఎంత దూరంలో ఉన్నామో తెలుస్తుంది. ఆరు నెలల కోర్సులన్నీ మోసమనీ అనను. ఆర్‌సీఐయే సీబీఐడీ (కమ్యూనిటీ బేస్డ్ ఇన్‌క్లూజివ్ డెవలప్‌మెంట్) పేరుతో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు పెట్టింది. అందులో చదివినవాళ్లు ఊళ్లలో పిల్లలను గుర్తించి సరైన చోటికి పంపితే ఎంతో మేలు. వాళ్లు క్షేత్రస్థాయి కార్యకర్తలు. బోర్డు పెట్టుకుని థెరపీ ఇచ్చేవాళ్లు కాదు.

నిజంగా చదవాలనుకుంటే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం మీద పనిచేసే జాతీయ సంస్థ ఎన్‌ఐఈపీఐడీ ఉంది, మాట, వినికిడి లోపాల మీద పనిచేసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రమూ ఉంది. మైసూరులో ఆయిష్ (అఖిల భారత వాక్, శ్రవణ సంస్థ) ఉంది. ప్రైవేటు కాలేజీ అయితే "మాకు ఆర్‌సీఐ ఉంది" అన్న మాటతో ఫీజు కట్టకండి. గుర్తింపు కాలేజీ మొత్తానికి కాదు, ఒక్కో కోర్సుకి, ఫలానా విద్యా సంవత్సరాలకి ఇస్తారు. డీఎడ్‌కి ఉన్నంత మాత్రాన బీఏఎస్‌ఎల్‌పీకి ఉన్నట్టు కాదు. ఆర్‌సీఐ వెబ్‌సైట్‌లో జాబితా చూడండి. ఆ మెసేజ్ కింది నంబరుకు ఫోన్ చేస్తే ఒక్కటే అడగండి: కోర్సు అయ్యాక నాకు సీఆర్‌ఆర్ నంబరు (ఆర్‌సీఐ రిజిస్టర్‌లో నమోదు నంబరు) వస్తుందా? "ఐఎస్ఓ సర్టిఫికెట్ ఇస్తామండీ" అంటే ఫోన్ పెట్టేయండి.