బ్రాకెట్లలో ఆడవాళ్ల అడుగులు

రౌండ్ డాన్స్ క్యూ షీట్, అంటే ఒక పాటకు వేయాల్సిన అడుగులన్నీ వరుసగా రాసిన కాగితం, ఏది తీసుకున్నా దాదాపు అన్నింటి తలభాగంలోనూ ఒకే మాట కనిపిస్తుంది. ఇందులో రాసినవి మగవారి అడుగులు, ఆడవారివి వాటికి ఎదురు, ఎక్కడైనా తేడా ఉంటే బ్రాకెట్లలో చూసుకోండి అని. అతను ఎడమ కాలు వేస్తే ఆమె కుడి కాలు, అతను ముందుకు వస్తే ఆమె వెనక్కి. టూ స్టెప్ అనే తేలిక నృత్యంలో ఈ లెక్క బాగానే నడుస్తుంది, తొలి మెట్ల వాల్ట్జ్‌లో కూడా ఎలాగో నెట్టుకురావచ్చు. నాలుగో ఫేజు, అంటే కష్టంలో నాలుగో మెట్టు, ఫాక్స్‌ట్రాట్ నృత్యంలో మాత్రం నడవదు. అయినా చాలామంది టీచర్లు ఆ ఒక్క మాటనే పట్టుకుని పాఠం చెబుతున్నారు. నా కోపమంతా దాని మీదే.

ఇదేమి నృత్యమో తెలియనివారికి రెండు మాటలు. అమెరికాలో స్క్వేర్ డాన్స్ క్లబ్బుల పక్కనే పెరిగిన జంట నృత్యం ఇది. జంటలన్నీ హాలు చుట్టూ గడియారపు ముల్లుకు ఎదురు దిశలో సాగుతాయి. ప్రతి పాటకూ ఎవరో ముందే నృత్యం కూర్చి ఉంచుతారు. మైకు దగ్గర నిలబడ్డ క్యూయర్ ఒక్కో ఫిగర్ (కొన్ని అడుగుల వరుస) పేరును తాళం కంటే కొంచెం ముందుగా పలుకుతారు, అందరూ ఒకేసారి అదే వేస్తారు. రౌండలాబ్ అనే టీచర్ల సంఘం ఈ ఫిగర్లను కష్టాన్నిబట్టి ఆరు ఫేజులుగా విడదీసింది. షీట్ మీద 4+2 అని ఉంటే, అది నాలుగో ఫేజు నృత్యమని, పై ఫేజుల ఫిగర్లు రెండు కలిశాయని అర్థం. మా క్లబ్బులో వయసు మళ్లినవారే ఎక్కువ. నల్లజుట్టు ఉన్నది మా ఇద్దరికే, అదీ రంగు పుణ్యమే.

ఇక ఫాక్స్‌ట్రాట్‌లో ఫెదర్ అనే ఫిగర్ సంగతి చూడండి. సెమీ క్లోజ్డ్ అనే భంగిమలో ఇద్దరూ ఒకే వైపు చూస్తూ ఉండగా ఫెదర్ అని క్యూ వస్తుంది. మగవాడు కుడి, ఎడమ, కుడి అని ముందుకు మూడడుగులు నడుస్తాడు. మూడోది ఆమెకు కాస్త పక్కగా పడాలి, అంతే. ఆమె మొదటి అడుగు ముందుకు వేస్తూనే ఎడమకు తిరగడం మొదలుపెట్టాలి, రెండో అడుగు పక్కకూ వెనక్కీ వేయాలి, మూడో అడుగుకల్లా పూర్తిగా వెనక్కి నడుస్తూ ఉండాలి. నిమిషానికి ఇంచుమించు 30 బార్ల (బార్ అంటే నాలుగు దెబ్బల ఆవర్తం) వేగంలో దీనికి దొరికేది రెండు సెకన్లు. స్లో అనే నిదానపు అడుగుకు ఒక సెకను, క్విక్ అనే రెండు వేగపు అడుగులకు చెరో అర సెకను. అతనికి అది నడక. ఆమె అదే రెండు సెకన్లలో దిశ మొత్తం మార్చుకోవాలి. పైగా వాల్ట్జ్ నుంచి వచ్చినవాళ్లకు మూడో అడుగు దగ్గర పాదాలు కలిపే అలవాటు ఒకటి ఉంటుంది. ఇక్కడ పాదాలు కలవవు, ఒకదాన్నొకటి దాటిపోతాయి. వెనక్కి నడిచే మనిషికి ఆ దాటడం ఎక్కడ నుంచి వస్తుందో, తుంటి నుంచా మోకాలి నుంచా, ఎవరైనా చెప్పాలి కదా. చెప్పరు. "ఆడవాళ్లు తిరుగుతారు" అని చెప్పి తర్వాతి ఫిగర్ త్రీ స్టెప్‌కి వెళ్లిపోతారు.

టెలిమార్క్, ఇంపీటస్ అనే తిరిగే ఫిగర్ల దగ్గర ఈ అన్యాయం ఇంకా స్పష్టంగా కనిపిస్తుంది. జంట తిరిగేటప్పుడు లోపలివైపు ఉన్న మనిషి దాదాపు ఉన్నచోటే తిరగాలి, బయటివైపు ఉన్న మనిషి చుట్టి రావాలి. ఓపెన్ ఇంపీటస్‌లో లోపల ఉండేది మగవాడు, మడమ మీద తిరిగేదీ అతనే. ఓపెన్ టెలిమార్క్‌లో ఆ పని ఆమెది. కుడి కాలు వెనక్కి వేసి, ఎడమ పాదాన్ని దాని పక్కకు లాక్కుంటూ, కుడి మడమ మీద తిరిగి, చివర్లో బరువు ఎడమ కాలికి మార్చి, కుడి కాలితో సెమీ క్లోజ్డ్‌లోకి రావాలి. రెండూ ఒకే విద్య, చేసే మనిషి మారతారు, అంతే. మా క్లాసులో ఇంపీటస్ వచ్చిన సాయంత్రం మగవాళ్లందరినీ గోడ పట్టుకుని నిలబెట్టి, మడమ మీద తిరగడం ఓపికగా సాధన చేయించారు. మేము కుర్చీల్లో కూర్చుని చూశాం. టెలిమార్క్ వచ్చిన సాయంత్రం గోడ మా దాకా రాలేదు. "లేడీస్, మీకు హీల్ టర్న్" (మడమ మీద తిరగడం) అన్నారు, పాట పెట్టేశారు.

ఆ తర్వాత జరిగేదేమిటో ఆ హాలులో ఎవరిని అడిగినా చెబుతారు. మడమ మీద తిరగడం నేర్పనందువల్ల ఆమె ఎడమ పాదాన్ని దగ్గరకు తెచ్చుకోకుండా పక్కకు వేస్తుంది. లోపల ఉండాల్సిన మనిషి బయటికి జరుగుతుంది. చుట్టి రావాల్సిన మగవాడి దారి ఇంకా పొడవవుతుంది, అతను కుడి చేత్తో లాగుతాడు, ఇద్దరి భుజాలూ మెలికపడతాయి, సెమీ క్లోజ్డ్ చేరేసరికి క్యూయర్ తర్వాతి ఫిగర్ పలికేసి ఉంటారు. అప్పుడు టీచర్ వచ్చి మగవాడికి చెబుతారు, నువ్వు చుట్టూ సరిగా రావడం లేదు అని. తప్పు ఎక్కడుందో, మందు ఎక్కడ రాస్తున్నారో చూడండి!

దీనికి ఎప్పుడూ ఒకే జవాబు: ఆడవాళ్లు అనుసరిస్తే చాలు, మగవాళ్లు నడిపిస్తారు. మామూలు బాల్‌రూమ్ జంట నృత్యంలో ఈ మాటకు కొంత విలువ ఉంది, అక్కడ ఏ ఫిగర్ వేయాలో నిర్ణయించేది మగవాడే. రౌండ్ డాన్స్‌లో నిర్ణయించేది క్యూయర్. క్యూ ఇద్దరి చెవులకూ ఒకేసారి చేరుతుంది. అతనికి ముందుగా తెలిసేది ఏమీ లేదు. అతని శరీరం నుంచి నాకు సాయం అందుతుంది నిజమే, నా నుంచి అతనికీ అందుతుంది. అంతమాత్రాన నా కుడి మడమను అతను తిప్పలేడు కదా. మన కోలాటంలో గురువు కోపు మార్చమనగానే జంటలో ఇద్దరూ మారుస్తారు. నువ్వు ఎదుటివాడిని చూసి వెయ్యి అని ఎవరికీ చెప్పి వదిలేయరు.

ఇంకో చిత్రం. 1914 ప్రాంతంలో న్యూయార్క్‌లో పుట్టిన ఫాక్స్‌ట్రాట్‌ను ఇవాళ మనం వేసే సాఫీ రూపానికి తెచ్చింది 1920ల నాటి ఇంగ్లండు. అక్కడ జోసెఫిన్ బ్రాడ్లీ అనే స్త్రీది పెద్ద పాత్ర. 1924లో ఇంపీరియల్ సొసైటీ ఆఫ్ టీచర్స్ ఆఫ్ డాన్సింగ్ అనే నృత్య గురువుల సంఘం బాల్‌రూమ్ శాఖ పెట్టినప్పుడు తొలి కమిటీలో ఆమె ఉన్నారు. ఆ సంప్రదాయపు సాంకేతిక పట్టికల్లో మగవారి అడుగులు ఒక చోట, ఆడవారివి మరో చోట, పాదంలో ఏ భాగం నేలకు తగలాలో సహా ఉంటాయి. ఫెదర్‌లో వెనక్కి నడిచే స్త్రీకి పాదాల మీద లేవడం ఉండదనే ముఖ్యమైన సంగతి కూడా అక్కడ దొరుకుతుంది. క్యూ షీట్‌లో చోటు తక్కువ, ఒప్పుకుంటాను. ఒక పేజీలో పాటంతా పట్టాలి. కానీ షీట్‌లో చోటు లేకపోతే క్లాసులో కూడా చోటు ఉండకూడదా?

నేను అడుగుతున్నది కొత్త ఫిగర్లు కాదు. రివర్స్ వేవ్, డైమండ్ టర్న్, వీవ్ అంటూ పేర్లు పెంచుకుంటూ పోయే ముందు, ఉన్న ప్రతి ఫిగర్‌నూ రెండుసార్లు నేర్పండి. ఒకసారి హాలులో అందరూ మగవారి భాగం, ఒకసారి అందరూ ఆడవారి భాగం, ఎవరి చేయీ పట్టుకోకుండా. మా ఆయన చేత వంటింటి గచ్చు మీద ఆడవాళ్ల టెలిమార్క్ వేయించాను. మేజోళ్లతో జారి ఫ్రిజ్ పట్టుకున్నారు, గొణిగారు, మళ్లీ వేశారు. అప్పటి నుంచి హాలులో నన్ను లాగడం మానేశారు, నేను తిరిగే వరకు ఆగుతున్నారు. ఇన్ అండ్ అవుట్ రన్స్ అనే ఫిగర్ ఇంకా మిగిలి ఉంది. అందులో మొదటి బార్‌లో అతను నా ముందు నుంచి దాటాలి, రెండో బార్‌లో నేను అతని చుట్టూ రావాలి. దానికి వంటిల్లు చాలదు, కారు బయట పెట్టి గరాజ్ ఖాళీ చేయాలి.